మా మామ అమెరికా నించి తెచ్చిన పాత క్రూజర్ సైకిలు మళ్ళీ రోడ్డెక్కించాలి, సలహాలు కావాలి

కావలి కుర్రోడు (ఆదివారం రాత్రి 9:40)
అందరికీ నమస్తే. కావలిలో మా మేనమామ ఇంటెనక పాత పశువుల కొట్టం పడగొడతా ఉంటే ఎండుగడ్డి కింద ఒక సైకిలు బయటపడింది. మన మామూలు 24 అంగుళాల సైకిలు కాదు, హ్యాండిలు ఒంగోలు గిత్త కొమ్ముల్లాగా ఇంత వెడల్పు, మధ్య రాడ్డు తిన్నగా లేకుండా వంపు తిరిగి ఉండాది, టైర్లు లావు. మామ చికాగోలో ఉద్యోగం చేసేటప్పుడు పక్కింటోళ్ళు పాత సామాను అమ్ముకుంటా ఉంటే 15 డాలర్లకి కొన్నాడంట, తొంభై నాలుగులో తిరిగొచ్చేసేటప్పుడు సామానుతో పాటు ఇదీ ఎక్కించేసినాడు, అత్త ఇప్పటికీ తిడతా ఉంటుంది, మిక్సీ వదిలేసి సైకిలు తెచ్చినాడని. రంగు ఎరుపు, సగం తుప్పు. చెయిను బిగుసుకుపోయింది. అన్నిటికంటే విచిత్రం, బ్రేకు లేదు. లివరు లేదు, రాడ్డు లేదు, వైరు లేదు, ఎవురో ఊడబీక్కోని పోయినట్టుండారు. దీన్ని నడిచేట్టు చెయ్యొచ్చా లేకపోతే పాత ఇనప సామానోడికి ఇచ్చేద్దామా?

ఒంగోలు గిత్త (ఆదివారం రాత్రి 9:52)
ముందు నా కొమ్ముల జోలికి రాబాక తమ్ముడూ 😀 పాత ఇనప సామానా, ఇచ్చావంటే నేనే వచ్చి కొట్టుకు కూర్చుంటా. బ్రేకు ఎవురూ పీక్కోలేదు, వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు లోపలే ఉంటుంది, పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. కోస్టర్ బ్రేకు అంటారు.

పాత ఇనుము (ఆదివారం రాత్రి 10:15)
అబ్బాయ్, హ్యాండిలు కింద ముందు గొట్టానికి బిళ్ళ ఉందా, దాని మీద పేరేముంది? తర్వాత వెనక చక్రం బోల్టు బిగించే చోట, ఎడమ పక్క, ఫ్రేము మీద నంబరు కొట్టి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి చూడు. చికాగో అంటున్నావు కాబట్టి ష్విన్ అయ్యుండాలని నా అనుమానం. ఆ ఊళ్ళోనే చేసేవాళ్ళు.

కావలి కుర్రోడు (సోమవారం ఉదయం 7:05)
కరెక్టే బాబాయ్, ష్విన్ అనే ఉంది. చెయిను కవరు మీద టైఫూన్ అని తెల్లక్షరాలు సగం చెరిగిపోయి ఉండాయి. నంబరు ఈ, డీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత అంకెలు.

పాత ఇనుము (సోమవారం ఉదయం 8:30)
అయితే తేలిపోయింది. 1965 నించి వాళ్ళు నంబరు ముందు రెండక్షరాలు వేశారు, మొదటిది నెల, రెండోది ఏడాది. ఈ అంటే అయిదో నెల, డీ అంటే ఏ 65, బీ 66, సీ 67, డీ 68. మే 1968లో ఆ ఫ్రేముకి నంబరు కొట్టారు. (నెలల్లో ఐ అక్షరం వదిలేశారు, ఒకటి అంకె అనుకుంటారని, నీకు ఆ గొడవ లేదు.) అంటే మీ మామ కొనేనాటికే అది పాతది.

ఈ సైకిళ్ళ కథ కొంచెం చెప్తాను, పనికొస్తుంది. 1933లో ష్విన్ వాళ్ళు 26 × 2.125 లావు టైర్లు పెట్టి సైకిలు దించారు, దాన్ని బెలూన్ టైరు అన్నారు. అంతకుముందు సన్న టైర్లే. ఈ వంపు ఫ్రేములు, ఉత్తుత్తి పెట్రోలు ట్యాంకులు, మోటారు సైకిలు పోకడ అంతా ఆ పదేళ్ళలో వచ్చిందే, పేపర్లేసే కుర్రాళ్ళు బాగా తొక్కేవాళ్ళు. తర్వాత ఇంగ్లీషు సైకిళ్ళు తేలిగ్గా ఉన్నాయని జనం అటు మళ్ళితే యాభైల్లో వీళ్ళు టైరు కొంచెం సన్నం చేసి మిడిల్ వెయిట్ అని అమ్మారు. నీది ఆ రకం. ఈ మాట గుర్తు పెట్టుకో, టైర్లు కొనబోయే ముందు నన్ను అడుగు.

పెన్నాగట్టు (సోమవారం ఉదయం 9:10)
బాబాయ్ ఉంటే పుస్తకాలు అక్కర్లా. బరువెంత ఉంటది బాబాయ్ అది? ఫోటోలో చూస్తేనే నా నడుం పట్టేసింది.

పాత ఇనుము (సోమవారం ఉదయం 9:25)
ఇరవై కిలోల దాకా ఉంటుంది. మన రోడ్‌స్టర్లూ, అదే మన మామూలు పాత సైకిళ్ళూ, తేలికేం కాదులే, బస్తా బియ్యం వేసుకుని పెన్నా బ్రిడ్జి ఎక్కినవాళ్ళం మేము.

గెలాక్సీ రాయి (సోమవారం మధ్యాహ్నం 1:30)
చీమకుర్తి నించి హాజరు. తుప్పుకి నా సలహా. రాయి పాలిషు చేసేవాళ్ళ దగ్గర తెల్లపొడి ఉంటుంది, ఆక్జాలిక్ ఆసిడ్, మా ఊళ్ళో ఏ పాలిషింగు షెడ్డులో అడిగినా దొరుకుతుంది. లీటరు నీళ్ళకి ఒక పెద్ద చెంచా కలిపి స్టాండు, బోల్టులు, స్టీలు సామాన్లన్నీ ఒక రాత్రి నానెయ్యి, పొద్దున్నే తుప్పు చేతికి ఊడొస్తుంది. తర్వాత వంటసోడా నీళ్ళల్లో ముంచి కడిగి ఎండలో పెట్టి వెంటనే నూనె రాయాలి, లేకపోతే గంటలో మళ్ళీ పసుపు రంగు తిరుగుతుంది. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, అది విషం, వంట గిన్నెలో కలపబాక, పిల్లలు కుక్కలు లేని చోట పెట్టు. అల్యూమినియం సామాను అందులో వెయ్యొద్దు. ఎరుపు రంగున్న ఫ్రేముని మాత్రం ముంచబాక, రంగు పోతుంది, మూల ఎక్కడన్నా కొంచెం రాసి చూసుకో.

ఉలవచారు (సోమవారం మధ్యాహ్నం 2:05)
క్రోము మీద తుప్పుకి ఆసిడ్ కూడా అక్కర్లేదు అన్నా. బిర్యానీ పొట్లానికి చుట్టే వెండి కాగితం ఉంది కదా, దాన్ని ఉండ చేసి నీళ్ళల్లో తడిపి రుద్దితే తుప్పు పోయి క్రోము బయటికొస్తుంది. అల్యూమినియం క్రోము కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. మా అద్దంకిలో మా నాన్న బండి సైలెన్సరు నేను ఇట్టనే తెల్లగా చేశా. ముందు బిర్యానీ తినాలి, అది రూలు.

కావలి కుర్రోడు (బుధవారం రాత్రి 10:20)
హ్యాండిలు వెండి కాగితంతో రుద్దా అక్కా, మెరిసిపోతా ఉంది, మామ వచ్చి చూసి ఏందిరా కొత్తది కొన్నావా అన్నాడు. కానీ ఒక చోట క్రోము పొరే పెచ్చు లేచిపోయింది, కింద ఎర్రగా గుంటలు. సముద్రం గాలి ఒక పక్క, పశువుల పంచితం ఒక పక్క, ముప్పై ఏళ్ళు ఆ కొట్టంలో.

ఇప్పుడు అసలు కష్టం. క్రాంకు (పెడల్సు తగిలించే కడ్డీ) విప్పుదామని ఎడమ పక్క నట్టు పట్టుకున్నా. కదల్లా. పానాకి ఇనప గొట్టం తగిలించి మా బామ్మర్దీ నేనూ ఇద్దరం కలిసి వేలాడినాము. నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా అయిపోయింది గానీ కదల్లా. ఏం చేసేది?

బెండు తీసేవాడు (బుధవారం రాత్రి 10:31)
అయ్యో సామీ. ఎటు తిప్పావు?

కావలి కుర్రోడు (బుధవారం రాత్రి 10:33)
విప్పేవైపే అన్నా, ఎడమకి.

బెండు తీసేవాడు (బుధవారం రాత్రి 10:50)
బిగించావు. ఇద్దరూ కలిసి వేలాడి బిగించారు 😂

ఎడమ పక్క అది ఉల్టా మర. కుడికి తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడలు కూడా అంతే. మా నాన్న షాపులో నాకు ఎనిమిదేళ్ళప్పుడు నేర్పిన మొదటి పాఠం ఇదే, తొక్కేటప్పుడు తిరిగే తిరుగుడుకి వదులు కాకుండా ఎడమ పక్క ఉల్టా పెడతారు. ఇప్పుడు కిరసనాయిలు గానీ డీజిలు గానీ పోసి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్నే ఉలి లాంటిది నట్టు అంచుకి ఆనించి చిన్న సుత్తితో కుడివైపు తిరిగేట్టు టక్ టక్ కొడతా పో, గట్టిగా బాదబాక.

దీంట్లో ఇంకోటి. మన సైకిలుకి రెండు క్రాంకులు విడివిడిగా ఉంటాయి, కాటర్ పిన్ను కొడితే ఊడతాయి. నీదాంట్లో క్రాంకు మొత్తం ఒకే కడ్డీ, ఆ కొస నించి ఈ కొస దాకా వంచి చేసింది. ముందు ఎడమ పెడలు తీసేసి, నట్టు, కోను (గుండ్ల మీద బిగుసుకునే బిళ్ళ) తీసి, తర్వాత క్రాంకుని పాముని కన్నంలోంచి లాగినట్టు వంకరగా కుడి పక్కకి లాగాలి. లోపల గుండ్లు రేకు బోనులో ఉంటాయి, కిందపడి దొర్లవు, అదొక సుఖం. బోను విరిగిపోయుంటే గుండ్లు 5/16 అంగుళం తీసుకో, మన సైకిలు గుండ్లు 1/4, అవి పెడితే లోపల గిలక లాగా ఆడతది.

కావలి కుర్రోడు (గురువారం ఉదయం 11:15)
వచ్చేసింది అన్నా!!! నాలుగు దెబ్బలకి. లోపల గ్రీజు గట్టిపడి బెల్లం పాకం లాగా అయ్యుండాది. నట్టు లేతు షాపులో చూపిస్తా, కొత్తది చేసిస్తారేమో.

ఒంగోలు గిత్త (గురువారం ఉదయం 11:40)
బామ్మర్ది సంగతేంది, ఇంకా వేలాడతా ఉన్నాడా?

కావలి కుర్రోడు (శనివారం రాత్రి 8:45)
బాబాయ్ మీరు అడగమని చెప్పినా నేను అడక్కుండా పోయినా, తప్పైపోయింది. నెల్లూరు పోయి ట్రంకు రోడ్డులో రెండు టైర్లు కొన్నా, 26 × 2.125, సైడు తెలుపు, చూడ్డానికి ఎంత బాగుండాయో. పాత టైరు మీద కూడా 26 అనే ఉంది. ఎక్కించబోతే రిమ్ము మీదకి ఎక్కట్లా. ఒక పక్క పెడితే ఇంకో పక్క రానంటది. మూడు పానాలు పెట్టి ఎక్కిచ్చేదానికి పోయి రెండు ట్యూబులు కొరికేశా. షాపాయన వాడిన టైర్లు వెనక్కి తీసుకోనంటా ఉండాడు.

పాత ఇనుము (శనివారం రాత్రి 9:30)
చెప్పాను కదయ్యా. పాత టైరు మీద 26 తర్వాత ఏముంది, సరిగ్గా చదువు.

కావలి కుర్రోడు (శనివారం రాత్రి 9:34)
26 × 1¾ అని ఉంది. అదీ ఇదీ దగ్గరదగ్గరే కదా అనుకున్నా, 1.75 టైర్లు మన దగ్గర గేరు సైకిళ్ళకి కూడా వస్తాయి కదా.

పాత ఇనుము (శనివారం రాత్రి 10:05)
ఇక్కడే అందరూ పడతారు. భిన్నంలో రాస్తే ఒక కొలత, చుక్క పెట్టి రాస్తే ఇంకో కొలత. 26 అని పేరు పెట్టుకున్న టైర్లు నాలుగు రకాలు నాకు తెలిసి. అంగుళాలు వదిలెయ్, టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట అడ్డకొలత మిల్లీమీటర్లలో చూడాలి. గేరు సైకిళ్ళ లావు టైరు, నువ్వు కొన్నది, 559. ష్విన్ వాళ్ళ మిడిల్ వెయిట్ రిమ్ము, ఎస్-7 అంటారు, 571. మన పాత 26 × 1½ టైరు 584. ఇంగ్లీషు వాళ్ళ 26 × 1⅜ అయితే 590. పన్నెండు మిల్లీమీటర్లు చిన్న టైరుని నువ్వు పెద్ద రిమ్ముకి ఎక్కించాలని చూస్తున్నావు, పానాలు ట్యూబులు కొరక్కుండా ఏం చేస్తాయి.

పెన్నాగట్టు (శనివారం రాత్రి 10:12)
అయితే 584 పెడితే? పదమూడు మిల్లీమీటర్లు వదులు, లోపల ఏదన్నా చుట్టి...

పాత ఇనుము (శనివారం రాత్రి 10:14)
ఆ ఆలోచన ఇక్కడే ఆపు నాయనా. గాలి కొట్టగానే టైరు పక్కకి దూకుతుంది, పళ్ళు రాలతాయి.

బెండు తీసేవాడు (ఆదివారం ఉదయం 6:40)
రెండు దారులు ఉన్నాయి తమ్ముడూ. ఒకటి, ఆ 571 లావు టైరు ఇంకా బయట దేశాల్లో కొత్తగా చేస్తా ఉండారు, తెప్పించుకోవచ్చు, కానీ కొరియరు, డ్యూటీ కలిపితే మామ కొన్న 15 డాలర్లు గుర్తొచ్చి ఏడుస్తావు, పంచరు పడి టైరు చీలితే మళ్ళీ అదే గతి. రెండోది, హబ్బులు అట్నే ఉంచి రిమ్ములు మార్చడం. నీ టైర్లు కూడా వృథా పోవు.

ఇక్కడ మెలిక ఏందంటే మన పాత సైకిలు చక్రానికి ముందు 32 పుల్లలు వెనక 40, కాబట్టి ఆ రిమ్ములు నీకు పనికిరావు. అమెరికా హబ్బులకి ముందూ వెనకా 36 కన్నాలే. గేరు సైకిలు 26 రిమ్ము 36 కన్నాలది అడుగు, దొరుకుతుంది, అది 559. పుల్లలు పాతవి వాడబాక, రిమ్ము మారితే పొడుగు మారిపోతుంది. హబ్బు, రిమ్ము రెండూ షాపుకి తీసుకుపోయి కొలిపించి కొనాలి. వెనక హబ్బులో బ్రేకు ఉంది కాబట్టి ఆపేటప్పుడు బరువంతా పుల్లల మీదే పడుతుంది, సన్న పుల్లలు వద్దు. అల్లేటప్పుడు మూడు క్రాసు, అంటే ఒక్కో పుల్ల ఇంకో మూడు పుల్లల్ని దాటాలి. బెండు నేను తీసిస్తా, నెల్లూరు వచ్చినప్పుడు మూలపేట దిగు, మా నాన్న స్టాండు ఇంకా ఉంది, డబ్బులేం వద్దు, మామ దగ్గరున్న అమెరికా కబుర్లు రెండు చెప్పు చాలు.

ఒక చెక్ చేసుకో ముందు. ఫ్రేము మిడిల్ వెయిట్ కాబట్టి 2.125 వెనక పట్టకపోవచ్చు. స్టాండు దగ్గర సందు చూడు.

కావలి కుర్రోడు (ఆదివారం రాత్రి 9:00)
అన్నా నీకు దండం. ముందు ఫోర్కులో సందు బాగానే ఉంది. వెనక పట్టేట్టు లేదు, చిటికెన వేలు కూడా దూరట్లా. వెనక్కి 1.95 కొంటా, రెండు వైపులా లావు తేడా కనపడతదా?

ఉలవచారు (ఆదివారం రాత్రి 9:20)
ఎవరూ చూడరు అన్నా, అందరూ తెల్ల సైడు చూస్తారు.

గెలాక్సీ రాయి (మంగళవారం మధ్యాహ్నం 12:50)
సామాను పనులు అవుతా ఉండాయి కాబట్టి రంగు గురించి మాట్లాడుకుందాం. నా మాట విను, ఆ ఎరుపు గీకేసి మా ఊరి గెలాక్సీ గ్రానైటు రంగు కొట్టు. నల్ల బేసు, దాని మీద బంగారు పొడి మెటాలిక్, పైన క్లియరు కోటు. మా రాయిలో ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తుంది, ఎండలో చూస్తే నల్లటి ఆకాశంలో చుక్కలు లాగా ఉంటది, ప్రపంచమంతా పోతుంది ఆ రాయి. అమెరికా సైకిలుకి చీమకుర్తి రంగు. బీచి మీద నిలబెడితే జనం మూగుతారు.

పాత ఇనుము (మంగళవారం మధ్యాహ్నం 1:40)
ఒప్పుకోను. రంగు ఎన్నిసార్లైనా కొట్టొచ్చు, ఒరిజినల్ ఒక్కసారే ఉంటుంది. ఆ ఎరుపు 1968లో ఆ కంపెనీలో కొట్టింది, ఆ అక్షరాలు అక్కడ వేసినవి. గీకేశాక అది ఏ ఫ్రేమైనా ఒకటే. నీళ్ళ కాగితం కూడా పెట్టొద్దు. కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండు మెత్తటి గుడ్డతో రుద్ది, పైన మైనం రాస్తే చాలు, తుప్పున్న చోట సూది మొనతో గీకి క్లియరు వార్నీషు చుక్క పెట్టు.

గెలాక్సీ రాయి (మంగళవారం మధ్యాహ్నం 1:55)
బాబాయ్ మ్యూజియంలో పెట్టేదానికా తొక్కేదానికా? సగం తుప్పు అని వాడే రాశాడు. తొక్కే బండికి రంగు కొట్టకపోతే మన ఉప్పుగాలికి రెండేళ్ళల్లో జల్లెడ.

పాత ఇనుము (మంగళవారం మధ్యాహ్నం 2:20)
తొక్కడానికే. మా నాన్న ర్యాలీ సైకిలు నేను ఇరవై ఏళ్ళ వయసులో షోగ్గా ఉంటుందని పచ్చరంగు కొట్టించాను. కొంగతల బిళ్ళ మీద కూడా కొట్టేశాడు వాడు. పంచాయతీ పన్ను కట్టినప్పుడు ఇచ్చే ఇత్తడి లైసెన్సు బిళ్ళ ఉండేది, అది కూడా ఊడదీసి యాడ పడేశాడో. నాన్న ఏమీ అనలేదు. ఆ సైకిలు మళ్ళీ ఎక్కలేదు, నడిచే పోయేవాడు. నలభై ఏళ్ళు దాటింది. అందుకని చెప్తున్నాను.

గెలాక్సీ రాయి (మంగళవారం మధ్యాహ్నం 2:31)
సరే బాబాయ్.

ఒంగోలు గిత్త (మంగళవారం సాయంత్రం 5:10)
ఒక మాట. సైకిలు ఎవురిది? మామది. మామని అడిగారా ఎవరన్నా?

కావలి కుర్రోడు (మంగళవారం రాత్రి 9:15)
అడిగినా. ఫ్రేము ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా అన్నాడు 🙂 రాడ్డు మీద ఒక సొట్ట ఉంది, అది కూడా తియ్యొద్దన్నాడు, మంచులో జారి లైటు స్తంభానికి కొట్టిందంట, అత్త వెనక కూర్చోనుందంట, అత్తేమో అట్టాంటిది ఏమీ జరగలేదు అంటది. కానీ మడ్గార్డులు రెండూ తుప్పుకి చిల్లులు పడిపోయుండాయి, అవి ఎట్టా కొత్తవే. వాటికి గెలాక్సీ రంగు వేసుకో అన్నాడు. సరిపోయిందా ఇద్దరికీ?

గెలాక్సీ రాయి (మంగళవారం రాత్రి 9:18)
మామ జిందాబాద్. పొడి నేను పంపిస్తా.

పాత ఇనుము (మంగళవారం రాత్రి 9:40)
మడ్గార్డులకి నా అభ్యంతరం లేదు. పాతవి మాత్రం పారెయ్యకుండా అటక మీద పెట్టు.

కావలి కుర్రోడు (శనివారం ఉదయం 10:30)
ఇంకో కొత్త తలనొప్పి. పెడల్సు రబ్బర్లు మట్టి అయిపోయుండాయి, కొత్త పెడల్సు కొన్నా, కన్నంలో దూరట్లా. మన పెడలు మర లావుగా ఉంది.

బెండు తీసేవాడు (శనివారం ఉదయం 10:44)
ఒంటి కడ్డీ క్రాంకుకి పెడలు మర అర అంగుళం. మనది 9/16. పెద్దది చేద్దామని డ్రిల్లు పెట్టబాక, పాత పెడల్సే విప్పి గుండ్లు కడిగి గ్రీజు పెట్టు, మన పెడలు రబ్బర్లు కొని కొసలు కోసి ఎక్కించు, సరిపోతాయి. ఒక మంచి వార్త కూడా చెప్తా, చెయిను మాత్రం మన సైకిలు చెయినే, 1/2 × 1/8, ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది.

ఇంక వెనక హబ్బు విప్పావా? ఏం కంపెనీ?

కావలి కుర్రోడు (శనివారం ఉదయం 11:20)
బెండిక్స్ అని ఉంది. విప్పా, ప్రతి ముక్కా విప్పిన వరసలోనే పాత పేపరు మీద పేర్చి ఫోన్లో ఫోటో తీసుకున్నా (ఈ ఒక్క పని తెలివిగా చేశా). లోపల ఇత్తడి రంగు బ్రేకు పలకలు బానే ఉండాయి. పల్చటి నూనె వెయ్యమంటా ఉండాడు ఇక్కడ మెకానిక్కు.

పాత ఇనుము (శనివారం మధ్యాహ్నం 12:10)
పల్చ నూనె వద్దు, వేడికి కారిపోయి పలకలు అరిగిపోతాయి. వేడికి తట్టుకునే గ్రీజు పెట్టు, కార్ల వీలు బేరింగులకి వాడేది. ఈ బ్రేకు ఎంత వేడెక్కుతుందో తెలియాలంటే ఒక సంగతి. డెబ్భైల్లో కాలిఫోర్నియాలో మరీన్ అనే చోట కొందరు కుర్రాళ్ళు ఇట్టాంటి పాత ష్విన్ లావు టైర్ల సైకిళ్ళు కొండ మీదకి తీసుకుపోయి పందెం పెట్టుకుని దిగేవాళ్ళు. కిందకి వచ్చేసరికి హబ్బులో గ్రీజు ఉడికి పొగలై పోయేది, ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది, 1976 నించి అక్కడ పందేలు జరిగాయి. ఇప్పుడు పిల్లలు తొక్కే మౌంటెన్ బైకులన్నీ ఆ వరసలోంచి వచ్చినవే. నీకు ఉదయగిరి కొండ దిగే ఆలోచన లేదు కాబట్టి ఒకసారి కూరితే చాన్నాళ్ళు వస్తుంది.

ఉలవచారు (శనివారం మధ్యాహ్నం 12:40)
అన్నా ముందు బ్రేకు కూడా పెట్టించండి ప్లీజ్. చెయిను ఊడినా తెగినా ఈ వెనక బ్రేకు పని చేయదు కదా, పెడలు తిరిగితే కదా అది పట్టేది. హైవే దాటి బీచి రోడ్డుకి పోవాలి మీరు.

బెండు తీసేవాడు (శనివారం మధ్యాహ్నం 1:05)
నూటికి నూరు పాళ్ళు నిజం. ముందు ఫోర్కు పైన మడ్గార్డు బోల్టు కన్నం ఉంటుంది, దానికే కాలిపర్ బ్రేకు (వైరు లాగితే రిమ్ముని రెండు పక్కలా పట్టేది) తగిలించొచ్చు. రిమ్ము చిన్నది పెట్టావు కాబట్టి చేతులు పొడుగున్నది కొను, లేకపోతే రబ్బరు టైరుని గీకుతుంది. ఇంకా ముఖ్యం, వెనక హబ్బు నించి ఒక ఇనప చెయ్యి ముందుకి వస్తుంది చూడు, దాన్ని ఫ్రేముకి క్లిప్పుతో బిగించాలి. అది బిగించకుండా బ్రేకు కొడితే చెయ్యి గిర్రున తిరుగుతుంది, ఇరుసు ఊడి చేతికొస్తుంది, సైకిలు ఆగదు.

కావలి కుర్రోడు (మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 10:50)
ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం హ్యాండిలు. పెచ్చు లేచిన చోట నికెల్ చేయిద్దామని ఒక షాపులో ఇచ్చినా (పేరు వద్దులే), వారం అన్నాడు, రెండు వారాలు తిప్పినాడు, చివరికి ఒక కొమ్ము కిందికి వంగిపోయి వచ్చింది, మిషను లోంచి పడిపోయిందంట, నూరు రూపాయలు తగ్గించి నవ్వినాడు. బామ్మర్దీ నేనూ మునగ చెట్టు కొమ్మల మధ్య పెట్టి వంచబోతే చెట్టు విరిగింది, హ్యాండిలు వంగలా. చివరికి ట్రాక్టరు రిపేరు షెడ్డులో పెద్ద వైసులో పెట్టి, గుడ్డ చుట్టి సరిచేశారు.

ఈ రోజు తెల్లారి అయిదింటికి తుమ్మలపెంట బీచికి తీసుకుపోయినాము. మూలపేట అన్న తీసిన బెండు నీళ్ళు పోసినా తొణకనట్టు తిరగతా ఉంది చక్రం. నేను కొంచెం సేపు తొక్కినా, సోఫాలో కూర్చుని పోతున్నట్టుంది, రోడ్డు గుంటలు తెలియట్లా. మడ్గార్డు మీద ఎండ పడగానే గెలాక్సీ అన్న చెప్పిన చుక్కలు కనపడినాయి, చేపలోళ్ళు నలుగురు చుట్టూ చేరి ఇది బ్యాటరీదా అని అడగతా ఉండారు. మా బామ్మర్ది ఎక్కినాడు, వాడికి ఊరికే పెడలు వెనక్కి తిప్పే అలవాటు మన సైకిళ్ళ మీద, వంద అడుగులు పోయి అట్టనే వెనక్కి తిప్పినాడు, చక్రం బిగుసుకుపోయి ఇసకలో బోర్లా. దెబ్బేం తగల్లా, నోట్లో ఇసక తప్ప.

మామ ఎక్కినాడు. డెబ్భై రెండేళ్ళు. తుండుగుడ్డ తలకి చుట్టుకోని ఏమీ మాట్లాడకుండా వరసగా అయిదు చుట్లు కొట్టి వచ్చినాడు. దిగి, సీటు అర అంగుళం పైకి లేపు అన్నాడు.

పాత ఇనుము (ఆదివారం ఉదయం 11:05)
లేపు మరి. ఇంకా కూర్చోనున్నావా.

కావలి కుర్రోడు (ఆదివారం ఉదయం 11:12)
లేపినా బాబాయ్. ఒకే ఒక ఇబ్బంది మిగిలింది, వచ్చేటప్పుడు ఎదురుగాలికి తొక్కలేక చచ్చినాము. ముందు పళ్ళు లెక్కపెట్టా 46, వెనక 18.

బెండు తీసేవాడు (ఆదివారం ఉదయం 11:30)
అంటే ఒక తొక్కుకి చక్రం రెండున్నర చుట్లు పైనే తిరుగుతుంది, ఆ బరువు మీద గాలికి ఎక్కువే. వెనక 22 పళ్ళది పెడితే రెండు చుట్ల చిల్లరకి దిగుతుంది, హాయిగా ఉంటది. చెయిను ఒకటి రెండు లింకులు పెంచుకోవాలి.

కావలి కుర్రోడు (ఆదివారం ఉదయం 11:34)
బెండిక్స్ హబ్బుకి పట్టే 22 పళ్ళ చక్రం ఎవరి దగ్గరన్నా ఉందా?

ఒంగోలు గిత్త (ఆదివారం మధ్యాహ్నం 12:15)
నా డబ్బాలో పాత కోస్టర్ హబ్బు పళ్ళ చక్రాలు రెండుండాయి, ఒకటి 22 అని గుర్తు, నీ హబ్బుకి పడతాదో లేదో పెట్టి చూడాలి. పాత చక్రం విప్పి ఫోటో పెట్టు. వచ్చే ఆదివారం కొత్తపట్నం వస్తే చేతికే ఇస్తా, మామని కూడా తీసుకురా. చేపల పులుసు ఖర్చు నీదే, బామ్మర్దికి మాత్రం వేరే సైకిలు.